యూకులేలే మెట్ల లెక్క సవరించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో ఇంట్లోనే యూకులేలే, అంటే నాలుగు తీగెల బుల్లి గిటారులాంటి వాద్యం, చేసుకునే పద్ధతి వేశారు. నేను పర్లాకిమిడిలో నలభయ్యేళ్లుగా తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగిని. ఆ కాగితం కత్తిరించి గోడకి అంటించుకుని, చెప్పింది చెప్పినట్టు చేశాను. వాద్యం తయారైంది గానీ శ్రుతి కుదర్లేదు. తప్పు నాదా, మీదా అని పది రోజులు వెతికాను. కొంత నాది, ఎక్కువ మీది.

నాది ముందు చెప్పేస్తాను. బొబ్బిలి వీణ చేసేది పనసతోనే కదా అని పనస చెక్కే తెచ్చాను. పై పలక 2 మి.మీ. ఉండాలన్నారు. తలుపులకి అలవాటైన చెయ్యి 3 దగ్గరే ఆగిపోయింది. మీటితే బియ్యం డబ్బా మీద కొట్టినట్టుంది. ఇంకో పలక చిత్రిక పట్టాల్సి వచ్చింది. పక్క చెక్కలు నానబెట్టి, కాలిన ఇనప గొట్టం మీద వంచుతుంటే మొదటి రెండూ ఫట్టున విరిగాయి. అది మీ తప్పు కాదు, నా తొందర. తీగెలు ఆనే పట్టీలకి ఎముక కావాలన్నారు. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు, ఎముక కోసం ఎక్కడికి పోతాను? కొమ్ముపని చేసే ఇంట్లో పారేసే తునక అడిగి తెచ్చి సానబట్టాను. భేషుగ్గా ఉంది.

ఇక మెట్ల సంగతి, అంటే తీగెని నొక్కి స్వరం మార్చడానికి మెడ మీద అడ్డంగా బిగించే సన్నటి కమ్మీలు. తీగె పొడవు 346 మి.మీ. తీసుకుని, 18తో భాగించి మొదటి మెట్టు పెట్టాలి, మిగిలినదాన్ని మళ్లీ 18తో భాగించి రెండోది పెట్టాలి, అలా పోవాలి అన్నారు. ఆపైన, నొక్కినప్పుడు తీగె బిగిసి స్వరం పైకెక్కుతుంది కాబట్టి బ్రిడ్జిని, అంటే పై పలక మీద తీగెల కింది కొస ఆనే చెక్కని, మెట్లకి దూరంగా 2 మి.మీ. వెనక్కి జరపమన్నారు. రెండూ చేశాను. పన్నెండో మెట్టు దగ్గర నొక్కితే విడి తీగె స్వరానికి సరిగ్గా పై స్థాయి పలకాలి కదా, దిగి పలికింది. నాలుగు తీగెలదీ అదే వరస.

మా మేనల్లుడు లెక్కల మాస్టారు. వాడు చూసి నవ్వాడు. భాగించాల్సింది 17.817తోనట. అలాగైతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, వాద్యం తల వైపు కొస నుంచి 173 మి.మీ. దగ్గర పడుతుంది. 18తో చేస్తే 171.7 దగ్గరే ఆగిపోతుంది. అలాగని 18 లెక్క పిచ్చిది కాదు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో అచ్చువేసిన పుస్తకంలోనే ఉందట. మెట్లు కాస్త తల వైపుకి పడతాయి గనక, నొక్కితే ఎక్కే స్వరాన్ని ఆ లెక్కే కిందికి లాగుతుంది. దాని మీద బ్రిడ్జినీ జరిపితే ఒక జబ్బుకి రెండుసార్లు మందేసినట్టే. మీ వ్యాసకర్త రెండుచోట్ల చదివి ఒకచోట కలిపేసినట్టున్నారు.

ఇంకో మాట. యూకులేలే హవాయి ఆదివాసుల ప్రాచీన వాద్యం అని రాశారు. కాదు. 1879లో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా దీవి నుంచి హొనొలులు వెళ్లిన పోర్చుగీసువాళ్లు తమ చిన్న వాద్యాన్ని వెంట తీసుకెళ్తే, అది అక్కడ యూకులేలే అయింది. చేసిన ముగ్గురూ, మాన్యుయెల్ నూనెస్, అగస్టో డయాస్, జోసే దో ఎస్పిరితు సాంతో, బీరువాలూ బల్లలూ చేసే పనివాళ్లు. మా కులవృత్తి వాళ్లని మీరు అంత తేలిగ్గా మింగేస్తే ఎలా?

సవరణ వేయండి. ఈలోగా నాలా మెట్లు బిగించేసుకున్నవాళ్లు వాటిని పీకొద్దు, కోసిన గాడి పాడవుతుంది. తీగెలు వదులు చేసి, వేడి చేసిన పల్చటి కత్తితో బ్రిడ్జి ఊడదీసి, రెండున్నర మి.మీ. ముందుకి, మెట్ల వైపు జరిపి అంటించండి. జిగురు పెట్టేముందు తాత్కాలికంగా నిలబెట్టి పన్నెండో మెట్టు దగ్గర విని చూసుకోండి. నాది నిన్న సాయంత్రం పలికింది.

ఇట్లు
ఒక వడ్రంగి
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా