‘వచ్చాయట’ అని చెప్పి వ్యాపారం చేయలేం: ఒడిశా పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

గోపాల్‌పూర్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఆరు గదుల లాడ్జి నడుపుతున్నాను. తాబేళ్లు వచ్చాయా, సముద్రం ఎలా ఉంది అని అడిగే యాత్రికులకు రోజూ నమ్మదగ్గ కబురు ఇప్పించమని కోరడానికే ఈ ఉత్తరం. దీని ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే మా గంజాం వాళ్లూ, ఆంధ్ర నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లూ చదవాలని తెలుగులో కూడా రాస్తున్నాను.

మా నాన్నగారి కాలపు బుకింగు పుస్తకం ఇప్పటికీ బల్ల సొరుగులోనే ఉంది. అట్ట చివికిపోయింది. దసరా పేజీలు తీస్తే వరుసగా కలకత్తా పేర్లే. నెలన్నర ముందే ఉత్తరం రాసేవారు, మనియార్డరులో అడ్వాన్సు పంపేవారు, బరంపురంలో రైలు దిగి వచ్చి పది రోజులు ఉండేవారు. ఏటా అదే కుటుంబం, అదే గది. వాళ్ల కోసమే మా అమ్మ ఆవముద్ద పెట్టి చేప వండటం నేర్చుకుంది. సముద్రం బాగుంటే స్నానానికి వెళ్లేవారు, బాగులేకపోతే వరండాలో పేకాడుకునేవారు. పది రోజులు చేతిలో ఉన్నవాళ్లకు ఒక రోజు పోతే లెక్క కాదు.

ఇప్పుడు వచ్చేవాళ్లకు ఆ పది రోజులు లేవు. విశాఖ నుంచో శ్రీకాకుళం నుంచో శుక్రవారం సాయంత్రం కారులో బయలుదేరతారు, ఆదివారం భోజనం కాగానే వెళ్లిపోతారు. 2024 మార్చిలో విశాఖ, భువనేశ్వర్ మధ్య వందే భారత్ మొదలయ్యాక రైల్లో వచ్చేవాళ్లదీ అదే పద్ధతి. వెళ్దామా వద్దా అన్నది గురువారం రాత్రి అన్నాలు తిన్నాక ఫోను చూసుకుంటూ తేల్చుకుంటారు.

కాలం మారింది, చిన్న వ్యాపారులే మారడం లేదని సభల్లో అంటూ ఉంటారు. మేం మారాం. గదికంటే ముందు బాత్రూము ఫొటో చూస్తారని మా అబ్బాయి చెబితే నవ్వాను గానీ, ఆ ఫొటో పెట్టాకే ఫోన్లు పెరిగాయి. చెల్లింపులు యూపీఐలోనే తీసుకుంటున్నాం. పొద్దున్నే రంభ వెళ్లి చిలికాలో పడవ ఎక్కేవాళ్లకు ఆరింటికే ఉప్మా పెడుతున్నాం. బుకింగు యాప్ ఒకటి గది అద్దెలో ఐదో వంతు కోసుకుంటోంది, పళ్లు బిగించి ఇస్తున్నాం. ఇవి మా తంటాలు, మీ దాకా తేను. మా చేతిలో లేనిదల్లా గురువారం రాత్రి ఫోనులో అడిగే ప్రశ్నకు జవాబు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ప్రశ్న ఒకటే: తాబేళ్లు వచ్చాయా?

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు మాకు గంట ప్రయాణం. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు 2023లో 6 లక్షలకు పైగా వచ్చి గుడ్లు పెట్టాయి. 2024లో అలా మూకుమ్మడిగా రానే లేదు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ 7 లక్షలకు దగ్గరగా వచ్చాయి. వచ్చినా ఆ సందడి కొద్ది రోజులే. ఏ రాత్రి మొదలవుతుందో పంచాంగం చూసి చెప్పేది కాదు.

ఒక ఫిబ్రవరిలో విజయనగరం నుంచి భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో వస్తామని ఫోను చేశారు. నాకు తెలియక చేపలు తెచ్చే ఆవిడను అడిగాను. ఆమె ఎవరినో అడిగింది. ‘వచ్చాయట అండీ’ అని చెప్పాను. ఆ ‘ట’ వాళ్లకు వినిపించలేదు. రాత్రి ఒంటిగంటకు పిల్లలను నిద్రలేపి, శాలువాలు కప్పి తీసుకెళ్లారు. ఇసుక దాకా పోకుండానే అటవీ సిబ్బంది ఆపేశారు. తాబేళ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయట (చూశారా, మళ్లీ ‘ట’). తెల్లవారాక ఆయన నన్ను ఏమీ అనలేదు. డబ్బు పూర్తిగా కట్టి వెళ్లి, ఇక్కడివాళ్లు గది నింపుకోవడానికి అబద్ధాలు చెబుతారని ఫోనులో రాశారు. ఆ మాట నేటికీ మా లాడ్జి పేరు కిందే ఉంది.

అక్టోబరులో ప్రశ్న మారుతుంది. బంగాళాఖాతంలో ఎక్కడ అల్పపీడనం పుట్టినా వార్తల్లో మా ఊరు ఒక కొలబద్ద: ‘గోపాల్‌పూర్‌కు ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో’. అది బాలాసోర్ వైపు పోయినా, కళింగపట్నం వైపు పోయినా, సముద్రంలోనే చల్లారినా, గదులు రద్దయ్యేది ఇక్కడ. తుపాను వస్తోందని చెప్పడంలో ఈ రాష్ట్రానికి సాటి లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా ఊరి దగ్గరే తీరం దాటింది. ముందే హెచ్చరించి లక్షల మందిని తరలించారు కాబట్టి ఎన్నో ప్రాణాలు దక్కాయి. ఆ మేలు మరిచేదాన్ని కాను. కానీ గండం గడిచాక ఇక రావచ్చని ఎవరూ చెప్పరు. నేను చెబితే గది కోసం చెబుతున్నానంటారు. మీరు చెబితే నమ్ముతారు.

అందుకే కోరుతున్నాను. రోజూ సాయంత్రం ఒక నాలుగు ముక్కల ప్రకటన ఇప్పించండి. తాబేళ్లు వచ్చాయా, వస్తే ఎంత దూరం నుంచి చూడనిస్తారు, అలలు స్నానానికి తగినట్టు ఉన్నాయా, రంభలో పడవలు నడుస్తున్నాయా, వేడినీటి బుగ్గల తప్తపానికి, బౌద్ధ మఠం ఉన్న జిరాంగ్‌కు వెళ్లే ఘాట్ దారి తెరిచి ఉందా. ఒడియాలో, తెలుగులో, బెంగాలీలో, ఫోనుకు వచ్చేలా. తాబేళ్ల సంగతి అటవీ శాఖ దగ్గర ఉంటుంది, అలల సంగతి వాతావరణ శాఖ దగ్గర ఉంటుంది. రెండింటినీ ఒక కాగితం మీదికి తెచ్చే గుమాస్తా ఒకరు కావాలి. కొత్త భవనం అక్కరలేదు.

తీరంలో కబురు చెప్పడానికి మనుషులూ ఉన్నారు. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే వాడబలిజలు, జాలర్లు, ఇళ్లలో మన తెలుగే మాట్లాడతారు. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖద్వారం చుట్టుపక్కల సముద్రంలో చేపల వేట నిషేధం. ఏడు నెలలు వల ఎండుతుంది. యాత్రికులు వచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. పొడంపేట, పురుణబంధ కుర్రాళ్లు దక్షిణపు గాలి తిరగడం చూసి రెండు రోజుల ముందే తాబేళ్ల సంగతి పసిగడతారు. వాళ్లకు గుర్తింపు కార్డూ రోజుకూలీ ఇచ్చి, యాత్రికుల వెంట నడిపించండి. టార్చిలైటు వేసేవాళ్లను ఆపడానికైనా వాళ్లే తగినవాళ్లు.

మేం ఊరికే అడగడం లేదు. మీ ప్రకటన ‘రావద్దు’ అన్న రోజున అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను, యాప్ కోసుకున్నది నేనే భరిస్తాను. గుడ్ల కాలంలోనూ, పిల్లలు బయటికి వచ్చే కాలంలోనూ మా మేడ మీద సముద్రం వైపు దీపాలు వెలగవు. ఆ పసివి వెలుగును చూసి దారి తప్పుతాయి. ఇక్కడి చిన్న లాడ్జీలవాళ్లు మరో నలుగురు ఇదే మాట మీద ఉన్నారు.

వచ్చే గురువారం రాత్రి కూడా ఫోను మోగుతుంది. మీ ప్రకటన వచ్చేంతవరకూ నా జవాబు ‘నాకు తెలియదండీ’ అనే. అలా చెప్పిన రోజు గది ఖాళీగా ఉంటోంది, అయినా అదే చెబుతున్నాను.

ఇట్లు,
ఆరు గదుల లాడ్జి యజమానురాలు,
గోపాల్‌పూర్, గంజాం జిల్లా