నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తుంటే

సంపాదకులకు,

అయ్యా,

మా మనవరాలికి మూడున్నరేళ్లు. పోయిన ఏడాది ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడిలోనే ఒక ప్రైవేటు ప్లే స్కూల్లో వేశాం. గోడల నిండా రంగు బొమ్మలు, జారుడుబల్ల, ఏసీ గది. చూసి మురిసిపోయి ఫీజు కట్టేశాం. నెల తిరక్కుండానే పిల్లకి జ్వరం వచ్చింది. డాక్టరుగారు పరీక్ష చేయించి యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. "నీళ్లు తాగుతోందా? ఆపుకుంటోందా?" అని అడిగారు. అప్పుడు తట్టింది నాకు. పొద్దున్న నింపి పంపిన సీసా మధ్యాహ్నం అలాగే తిరిగొస్తోంది. ఆ నీళ్లు రోజూ నా చేత్తోనే పారబోస్తున్నాను. ఒక్కరోజైనా ఎందుకని అడగలేదు.

ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పింది. "ఒంటేలుకి వస్తోంది" అంటే టీచరుకి అర్థం కాలేదట. మళ్లీ లేస్తే కూర్చోమందట. బట్టలు తడిసిపోతే పిల్లలు నవ్వారట. దాంతో నీళ్లు తాగడమే మానేసింది పిచ్చితల్లి.

ఆ టీచరు మీద నాకు కోపం లేదు. కటక్ వైపు నుంచి వచ్చిన చిన్నమ్మాయి, తెలుగు ముక్క రాదు. ఒక్క గదిలో ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. ఉన్న ఒక్క ఆయా గేటు దగ్గర కూడా ఉండాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇరవై మంది పిల్లలకి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, మూడేళ్లు నిండనివాళ్లని చేర్చుకోకూడదని స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టమేమో ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి. అంతకన్నా చిన్నవాళ్లు, అంటే నోరు విప్పి చెప్పుకోలేని వయసువాళ్లు, ఎవరి తనిఖీకీ అందకుండా పోతున్నారు.

బడి భద్రత అనగానే ప్రహరీ, సీసీ కెమెరా, మంటలార్పే సిలిండరు గుర్తొస్తాయి. అవన్నీ కావాలి. 2004లో తమిళనాడులోని కుంభకోణం ఊరి బడిలో తొంభై నలుగురు పిల్లలు మంటల్లో పోయిన సంగతి నేను మర్చిపోలేదు. 2018లో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాని ఏం చేసిందో చూసినవాళ్లం, రేకుల షెడ్డులో బడి అంటే నాకిప్పటికీ గుండె దడే. కానీ తెలుగు, ఒడియా, గిరిజనుల సవర భాష కలిసిపోయిన ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో వాటితో సమానంగా చూడాల్సింది ఇంకొకటుంది. కడుపునొప్పి అన్నా, వేలు తలుపులో పడిందన్నా, ఫలానా అంకుల్ అంటే భయమన్నా పిల్ల మాట అర్థమయ్యే మనిషి ఆ బడిలో ఒకరైనా ఉన్నారా? కెమెరాకి పిల్ల కనబడుతుంది గానీ పిల్ల మాట అర్థం కాదు కదా.

ఒడియా వద్దని నేననడం లేదు. మా ఇంట్లో అందరం మాట్లాడతాం, అదీ మన భాషే. 2020 జాతీయ విద్యావిధానం కూడా చిన్నపిల్లలకి ఇంటిభాషలో మొదలుపెట్టమనే చెప్పింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరపిల్లల కోసం తానే సవర నేర్చుకుని, ఆ భాషలో పాఠాల పుస్తకాలు రాశారు. అలాంటి ఊళ్లో పసిపిల్ల ఒంటేలుకి వెళ్లాలని చెప్పుకోలేక జబ్బుపడటం నాకు చాలా బాధగా ఉంది.

బడి చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకి నాదొక మాట. వాళ్లు రమ్మన్నరోజు వెళ్లకండి. మామూలు రోజు పదిన్నర, పదకొండింటికి చెప్పకుండా వెళ్లండి. మరుగుదొడ్డి తలుపు తీసి చూడండి, గడియ పిల్లలకి అందే ఎత్తులో ఉంటే లోపల ఇరుక్కుపోతారు. ఏడుస్తున్న పిల్ల దగ్గరికి ఎవరు వెళ్తున్నారో, ఏ భాషలో ఊరుకోబెడుతున్నారో కాసేపు నిలబడి చూడండి. పిల్లల్ని ఎవరితో పంపుతున్నారో కూడా చూడండి. మా పక్కింటాయన వెళ్లి "మా పిల్లే" అంటే ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా మా మనవరాలిని ఆయన వెంట పంపించేశారు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

జిల్లా అధికారులకి నా విన్నపం. వచ్చే అడ్మిషన్లలోగా ప్రతి ప్లే స్కూలు గేటు మీద ఒక బోర్డు పెట్టించండి. పిల్లలెంతమంది, టీచర్లూ ఆయాలూ ఎంతమంది, వాళ్లకి ఏయే భాషలు వచ్చు, ఫైర్ తనిఖీ ఎప్పుడు జరిగింది అన్నవి మూడు భాషల్లోనూ రాయించండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

మనవరాలిని వేరే బడికి మార్చాం. అక్కడి టీచరు కూడా ఒడియా ఆవిడే. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి ఆకలి, నొప్పి, ఒంటేలు, భయం లాంటి పది పన్నెండు తెలుగు మాటలు అడిగి, ఒడియా లిపిలో రాసుకుని బల్ల దగ్గర గోడకి అంటించింది. ఇప్పుడు సీసా ఖాళీగా వస్తోంది.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా