ఇంటిపేరు దగ్గర ఆగిపోయిన ఇల్లు

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు అమ్మదలచుకున్నవాళ్లు ముందుగా పిలిచేది రంగులవాళ్లను. మేమూ అదే చేశాం. బెంగళూరు రామమూర్తినగర్‌లో 1994లో స్థలం కొని కట్టుకున్న ఇంటిని అమ్మి అనంతపురం వెళ్లిపోదామనుకుని, గోడలకు రంగు వేయించాం, కారుతున్న కుళాయిలు మార్పించాం, మేడమీది నీళ్లతొట్టి పగులు పూడ్పించాం. బేరం కుదిరి, అడ్వాన్సు పుచ్చుకుని అగ్రిమెంటు రాసుకున్నాక రిజిస్ట్రేషను దాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది. వంక ఇంటిది కాదు, మా పేర్లది.

2024 అక్టోబరు నుంచి కర్ణాటకలో ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరిదో చూపుతూ స్థానిక సంస్థ ఇచ్చే డిజిటల్ పత్రం, లేనిదే స్థిరాస్తి రిజిస్ట్రేషను జరగడం లేదు. ఈ నిబంధనను నేను తప్పుపట్టను. ఒకే సైటును ఇద్దరికి అమ్మే మోసాలు ఈ ఊరికి కొత్తవి కావు. అయితే ఈ-ఖాతా రావాలంటే క్రయపత్రంలోని పేరు యజమాని ఆధార్‌లోని పేరుతో సరిపోవాలి, తెలుగువాళ్లకు చిక్కు అక్కడే వస్తోంది. ముప్పయ్యేళ్ల నాటి మా పత్రంలో నా ఇంటిపేరు ఒక్క అక్షరం, పక్కన చుక్క. ఆధార్‌లో అది పూర్తిగా ముందు ఉంది, పాన్ కార్డులో చివరికి పోయింది. నా భార్య పేరు మరీ అన్యాయం: పత్రంలో మా ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్టు చూపించి తీసుకున్న ఆధార్‌లో పుట్టింటివారిది. కౌంటరులోని గుమాస్తా పెన్ను మూతతో తెరమీద ఒక పేరునూ కాగితం మీద ఇంకో పేరునూ తట్టి, ‘వీళ్లు ఒకరా, ఇద్దరా?’ అని నన్ను అడిగాడు. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది.

రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ చేయించిన అఫిడవిట్టు ఇస్తే, అది చాలదన్నారు. పాత పత్రానికి సవరణ పత్రం రిజిస్టరు చేయించుకుని రమ్మన్నారు. సవరణలో సంతకం పెట్టాల్సింది ఆనాడు మాకు స్థలం అమ్మిన పెద్దాయన. ఆయన పోయి పన్నెండేళ్లయింది, వారసులు ముగ్గురూ మూడు ఊళ్లలో ఉన్నారు. వాళ్ల కోసం తిరుగుతుండగానే కొనేవారి బ్యాంకు రుణం మంజూరు గడువు తీరిపోయి, ఆయన మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ మనిషి ఓపిక గొప్పది, ఇంకొకరైతే అడ్వాన్సు వెనక్కి అడిగేవారు. చివరకు ఒక పై అధికారి అదే అఫిడవిట్టును, దానితోపాటు మా పెళ్లి శుభలేఖను, పాత రేషను కార్డును చూసి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. కింద చెల్లని కాగితం పైన చెల్లిందంటే, అది రూలు మీద కాక కుర్చీలో కూర్చున్నవారి మీద ఆధారపడి ఉందనే అర్థం.

2025 ఆగస్టు 31 నుంచి రాష్ట్రంలో రిజిస్ట్రేషను రుసుము 1 నుంచి 2 శాతానికి పెరిగింది. 80 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ కాక ఇదొక్కటే 1.6 లక్షలు. కొనేవారు అంత కడుతున్నప్పుడు, అమ్మేవారి పేరు విషయంలో ఏ రుజువు సరిపోతుందో ముందే రాసిపెట్టడం పెద్ద కోరిక కాదు. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, తండ్రి లేదా భర్త పేరూ, చిరునామా, ఫొటో కలిసినప్పుడు అఫిడవిట్టుతో సరిపెట్టవచ్చు. అసలు పేరే వేరైతే సవరణ పత్రం అడగవచ్చు. ఈ తేడా ఇప్పుడు ఎక్కడా కనిపించడం లేదు.

సేవలు గడువులోగా అందాలని కర్ణాటకలో 2011లోనే సకాల చట్టం చేశారు. జాప్యమైతే రోజుకు 20 రూపాయలు, గరిష్ఠంగా 500 పరిహారం కూడా పెట్టారు. కానీ మా దరఖాస్తును కౌంటరు దగ్గరే నోటిమాటతో వెనక్కి పంపడం వల్ల దానికి సకాల సంఖ్యే పడలేదు, సంఖ్య లేనిదే గడువు లెక్క మొదలు కాదు.

అమ్మబోయే తోటి తెలుగువారికి ఒక మాట. బ్రోకరును పిలిచే ముందే క్రయపత్రం, ఆధార్, పాన్, పన్ను రసీదు పక్కపక్కన పరచి ఇంటిపేర్లు చూసుకోండి. ఇంటిమీద రుణం ఉండి తీర్చేసివుంటే, అసలు పత్రాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి తామే కారణమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు రుణదాతలను ఆదేశించింది. అది 2023 డిసెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పత్రాలు తిరిగి ఇవ్వాల్సిన కేసులకు వర్తిస్తుంది, అడిగి తీసుకోండి.

నగర పాలన ఇప్పుడు ఐదు కార్పొరేషన్లుగా విడిపోయింది. వాటిలో ఏదైనా సరే, ఈ-ఖాతా దరఖాస్తును తిప్పి పంపేటప్పుడు ఏ కాగితంలోని ఏ పేరు సరిపోలేదో, దానికి ఏం తేవాలో రాసి, తేదీ వేసి ఇచ్చేలా ఆదేశించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
రామమూర్తినగర్, బెంగళూరు