కిరాయి తుపాకీని విచారించేది ఏ కోర్టు?

సంపాదకులకు నమస్కారం.

ప్రైవేటు సైనిక సంస్థలపై చర్చ ఎప్పుడు వచ్చినా, డబ్బు కోసం యుద్ధం చేయడం ధర్మమా అధర్మమా అన్న దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతోంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న ఒకటుంది. ఒప్పందం మీద పనిచేసే సాయుధుడు పరాయి దేశంలో ఒక పౌరుణ్ణి కాల్చి చంపితే అతన్ని విచారించే అధికారం ఏ కోర్టుకు ఉంటుంది? ఒప్పందంపై సంతకాలు జరిగిన రోజునే తేలిపోవలసిన ఈ సంగతిని ఇప్పటికీ శవాలు లేచిన తర్వాతే వెతుక్కోవలసి వస్తోంది.

2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో జరిగింది ఇదే. అమెరికా విదేశాంగ శాఖ తరఫున పనిచేస్తున్న బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు భద్రతా సంస్థ గార్డులు అక్కడ రాకపోకలను ఆపి, కొద్దిసేపట్లోనే కాల్పులు మొదలుపెట్టారు. మొదట చనిపోయింది తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కారు నడుపుతున్న ఒక వైద్య విద్యార్థి. ఆ తల్లి కూడా అదే కారులో ప్రాణాలు విడిచింది. ఇరాకీ అధికారుల లెక్క ప్రకారం మొత్తం 17 మంది పౌరులు బలయ్యారు. అయినా ఇరాక్ ఆ గార్డులను విచారించలేకపోయింది, ఎందుకంటే అమెరికా ఆధ్వర్యంలోని ఆక్రమణ పాలనాధికారులు 2004లో ఇచ్చిన 17వ నంబరు ఉత్తర్వు విదేశీ కాంట్రాక్టర్లను అక్కడి చట్టం నుంచి తప్పించింది. అమెరికాలోనైతే, రక్షణ శాఖ పనులకు తోడ్పడే కాంట్రాక్టర్ల కోసం రాసిన చట్టం విదేశాంగ శాఖ గార్డులకు వర్తిస్తుందా లేదా అన్న వాదనే కేసు వెంట సాగింది. పైగా, నేర విచారణలో వాడబోమన్న హామీ మీద ఘటన జరిగిన వెంటనే తీసుకున్న వాంగ్మూలాలు కేసును కలుషితం చేశాయంటూ 2009లో న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. పై కోర్టు మళ్లీ తెరిపించాక, 2014లో నలుగురిని జ్యూరీ దోషులుగా తేల్చింది. 2020 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టారు. పదమూడేళ్ల న్యాయపోరాటం ఒక్క సంతకంతో తుడిచిపెట్టుకుపోయింది.

ఈ సంస్థలను సమర్థించేవారు పశ్చిమాఫ్రికా దేశమైన సియెర్రా లియోన్‌ను ఉదాహరణగా చూపుతారు. 1995లో తిరుగుబాటుదారులు రాజధాని పొలిమేరలకు వచ్చినప్పుడు వారిని వెనక్కు తరిమింది దక్షిణాఫ్రికాకు చెందిన ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ అన్న మాట నిజమే. అయితే 1997 జనవరిలో ఆ సంస్థ వెళ్లిపోగా, మే నెలలో ప్రభుత్వం సైనిక కుట్రకు కూలిపోయింది. అద్దె బలం ఉన్నన్నాళ్లే నిలిచే భద్రతను ఒక దేశానికి దక్కిన భద్రత అనగలమా?

ఈ వ్యాపారం పెరగడానికి ప్రచ్ఛన్న యుద్ధం తర్వాత సైన్యాలు కుదించుకుపోవడం ఒక కారణం. రెండో కారణాన్ని ఏ ప్రభుత్వమూ పైకి చెప్పదు: సైనికుడు చనిపోతే దేశమంతా లెక్క అడుగుతుంది, కాంట్రాక్టరు చనిపోతే ఆ లెక్క బీమా పరిహారం దస్తావేజుల్లో ఉండిపోతుంది. 2008 నాటికి ఇరాక్‌లో అమెరికా సైనికులు ఎందరో కాంట్రాక్టర్లూ దాదాపు అందరే ఉండేవారు. వారిలో ఎక్కువమంది తుపాకీ పట్టినవారు కారు, వంటవారూ డ్రైవర్లూ మరమ్మతు పనివారూనూ. వారి మరణాలూ ఆ దస్తావేజుల్లోనే మిగిలిపోయాయి.

రష్యా సంగతి మరీ విచిత్రం. అక్కడి శిక్షాస్మృతి 359వ అధికరణం ప్రకారం కిరాయి సైనికత్వం నేరం. అయినా వాగ్నర్ అనే ప్రైవేటు సైనిక దళం సిరియా నుంచి మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ దాకా ఏళ్ల తరబడి పనిచేసింది. 2023 జూన్‌లో ఆ దళం తిరగబడ్డాక గానీ, దాని పోషణ ఖర్చంతా ప్రభుత్వమే భరించిందని పుతిన్ బహిరంగంగా అంగీకరించలేదు.

అంతర్జాతీయ చట్టం లేకపోలేదు, కానీ దానికి కోరల్లేవు. జెనీవా ఒప్పందాల 1977 అదనపు ప్రోటోకాల్‌లోని 47వ అధికరణం కిరాయి సైనికుడికి ఆరు లక్షణాలు చెప్పి, ఆరూ ఒకేసారి ఉండాలంటుంది. యుద్ధంలో పాల్గొంటున్న దేశపు పౌరుడైతే చాలు, ఎంత జీతానికి పోరాడినా ఆ నిర్వచనం నుంచి జారిపోతాడు. కాబట్టి ఆ నిర్వచనానికి చిక్కడం ఇంచుమించు అసాధ్యం. కిరాయి సైనికులపై 1989లో వచ్చిన ఐక్యరాజ్య సమితి ఒప్పందంలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్‌లలో ఏదీ చేరలేదు. 2008లో స్విట్జర్లాండ్, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీల చొరవతో వచ్చిన మాంట్రూ పత్రం, పని అప్పగించిన దేశం, సంస్థ నమోదైన దేశం, పని జరుగుతున్న దేశం, ఈ మూడింటి బాధ్యతలనూ విడివిడిగా చక్కగా వివరించింది గానీ, అది ఎవరినీ కట్టడి చేసే ఒప్పందం కాదు.

పూర్తి నిషేధం వల్ల పని జరుగుతుందని నేను అనుకోను. నిషేధం ఉన్నచోటే వాగ్నర్ పెరిగింది. కావలసింది ఆ మూడు బాధ్యతలూ చట్టంగా మారడం. గార్డుల నేరాలను విచారించే కోర్టు పేరు ఒప్పందంలోనే ఉండాలి, అది లేని ఒప్పందం చెల్లకూడదు. వారు చంపినవారి లెక్కా, వారిలో చనిపోయినవారి లెక్కా ఏటా చట్టసభ ముందుకు రావాలి. సంస్థ పేరు మార్చుకున్నంత మాత్రాన పాత కేసులు వదిలిపోకూడదు. బ్లాక్‌వాటర్ 2009లో ఒకసారి, 2011లో మరోసారి పేరు మార్చుకుంది. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి ఏర్పాటు చేసిన అంతర్ ప్రభుత్వ కార్యబృందం ఇలాంటి నియంత్రణ గురించి 2010 నుంచి చర్చిస్తూనే ఉంది. కాంట్రాక్టర్లను అత్యధికంగా వాడుకునే ప్రభుత్వాలు ఆ చర్చల్లో ఏ వైఖరి తీసుకుంటున్నాయో మీ పత్రిక క్రమం తప్పకుండా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు