అల్జీమర్స్‌కు ఆర్‌టీఎంఎస్ చికిత్స: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కోత లేకుండా, మత్తు ఇవ్వకుండా, తలకు ఆనించిన కాయిల్ ద్వారా అయస్కాంత స్పందనలు పంపి మెదడును ఉత్తేజపరిచే ఆర్‌టీఎంఎస్ గురించి ఈ లేఖ. ఇది షాక్ ట్రీట్‌మెంట్ కాదు. అయస్కాంత పట్టీలు, పరుపులు అమ్మేవాళ్లు చెప్పే వైద్యం అసలే కాదు. డిప్రెషన్‌కు దీన్ని మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతించింది. అల్జీమర్స్‌కు మాత్రం అనుమతి లేదు. అయినా డిప్రెషన్ కోసం కొన్న మెషీన్లతోనే మతిమరుపు కూడా తగ్గిస్తామనే ప్రకటనలు కనిపిస్తున్నాయి. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు; దీనికి ప్రధాన కారణం అల్జీమర్సే) ఉందని వృద్ధుల మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ సర్వే అంచనా వేసింది. కన్నబిడ్డల పేర్లు మర్చిపోతున్న తల్లిని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఏ ప్రకటననైనా నమ్ముతారు. ఈ చికిత్సను నిషేధించమని మేము అడగడం లేదు. కొలతలు లేకుండా అమ్మనివ్వకండి, కొలతలతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలుపెట్టించండి అని అడుగుతున్నాం.

ఆశకు ఆధారం ఉంది. రోమ్‌లోని శాంటా లూసియా ఫౌండేషన్‌లో జాకోమో కోక్ బృందం 50 మంది రోగులతో చేసిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. నడినెత్తికి కాస్త వెనుక, రెండు అర్ధగోళాల మధ్య ఉండే ప్రిక్యూనియస్ భాగానికి చికిత్స ఇచ్చారు. మొదటి రెండు వారాలు వారానికి ఐదు సిట్టింగులు, తర్వాత 22 వారాలు వారానికొకటి. ఒక్కో సిట్టింగులో 20 హెర్ట్జ్ వేగంతో 2 సెకన్ల స్పందనలు, 28 సెకన్ల విరామం, ఇలా 40 సార్లు: మొత్తం 1,600 స్పందనలు, 20 నిమిషాలు. అసలు చికిత్స అందినవారి స్థితి ఆరు నెలలూ దాదాపు నిలకడగా ఉంది, పోలిక కోసం ఉత్తుత్తి కాయిల్ (అసలు చికిత్స అందించనిది) పెట్టినవారిది దిగజారింది. పోయిన జ్ఞాపకాలు తిరిగొచ్చాయని అర్థం కాదు. పైగా ఇది ఒకే కేంద్రంలో, కొద్దిమందితో వచ్చిన ఫలితం. మెదడు కసరత్తులతో కలిపి ఆరు వారాలు ఇచ్చిన మరో ట్రయల్ ముందుగా పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకోలేకపోయింది.

చికిత్స దెబ్బతినేది ఎక్కువగా డోసు దగ్గరే. చేతి బొటనవేలు కదిలించే మెదడు భాగంపై కాయిల్ పెట్టి, పది స్పందనల్లో ఐదింటికి కండరంలో కనీసం 50 మైక్రోవోల్టుల సంకేతం వచ్చే అత్యల్ప తీవ్రతను మోటార్ థ్రెషోల్డ్ అంటారు. డోసు దీని మీదే కడతారు. కండరంలోని సంకేతాన్ని కొలిచే ఈఎంజీ లేకుండా వేలు కదలడాన్ని కంటితో చూసి లెక్కిస్తే థ్రెషోల్డ్ అసలుకన్నా ఎక్కువగా తేలుతుంది. అల్జీమర్స్‌లో ఇంకో చిక్కు ఉంది. ఈ రోగుల్లో మోటార్ భాగం అతిగా స్పందిస్తుంది కాబట్టి థ్రెషోల్డ్ తక్కువగా వస్తుంది, దాని మీద కట్టే డోసూ తగ్గుతుంది. చికిత్స అందాల్సిన చోట మాత్రం మెదడు కుంచించుకుపోయి పుర్రెకు దూరమై ఉంటుంది. దూరం ఒక మిల్లీమీటరు పెరిగితే మెషీన్ తీవ్రత సుమారు 3 శాతం పెంచాల్సి వస్తుంది. ఎంఆర్ఐ చూసి ఈ దూరాన్ని సరిచేయకపోతే, కాయిల్ టకటకలాడుతూనే ఉంటుంది, మెదడుకు చేరాల్సింది చేరదు. కాయిల్ స్థానమూ అంతే. ఎంఆర్ఐ ఆధారంగా కాయిల్ చోటు చూపించే నావిగేషన్ లేనిచోట కనీసం టేపుతో ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక బొడిపె దాకా కొలిచి, వెనుక నుంచి 30 శాతం దగ్గర గుర్తు పెట్టాలి. ఆ దూరం 35 సెంటీమీటర్లయితే గుర్తు 10.5 దగ్గర పడుతుంది. ప్రతి సిట్టింగులోనూ గుర్తు అక్కడే ఉండాలి.

ఫిట్స్ రావడం చాలా అరుదు. కానీ అల్జీమర్స్ రోగులకు ఆ ముప్పు మామూలుగానే కొంత ఎక్కువ. బుప్రోపియాన్, క్లోజపిన్ లాంటి మందులు, ముందురోజు నిద్రలేకపోవడం దాన్ని ఇంకా పెంచుతాయి. తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి ఇవ్వకూడదు. పేస్‌మేకర్ ఉంటే కార్డియాలజిస్టును అడగకుండా మొదలుపెట్టకూడదు. మతిమరుపున్న మనిషి తనకు జరిగిన ఆపరేషన్ గురించి చెప్పలేరు. ఇంట్లోవాళ్లను అడగాలి, పాత కాగితాలు చూడాలి. వినికిడి మిషన్ తీసి చెవుల్లో ప్లగ్గులు పెట్టాలి. గదిలో ఆక్సిజన్, నోట్లో చేరిన ద్రవాలు లాగేసే సక్షన్, ఫిట్స్ ఆపే మందు మిడజోలం, అవి వాడగలిగిన మనిషి ఉండాలి.

గుణం కనిపించిందో లేదో ఎలా చెబుతారు? చాలాచోట్ల వాడే 30 మార్కుల పరీక్షలో చదవాలి, ఒక వాక్యం రాయాలి. బడికి వెళ్లని అవ్వకు అక్కడ మార్కులు పోయేది జబ్బు వల్ల కాదు. అవే పదాలు నెలనెలా అడిగితే అలవాటై మార్కులు పెరుగుతాయి, అదీ చికిత్స గొప్ప కాదు. కోక్ బృందం వాడిన, డిమెన్షియా తీవ్రతను కొలిచే సీడీఆర్ స్కేలు రోగితో కలిసి ఉండేవారిని కూడా అడిగి ఆరు అంశాల్లో వేస్తారు. మొదట కోడలు, తర్వాత ఊరి నుంచి వచ్చిన కొడుకు జవాబులిస్తే ఆ రెండు స్కోర్లను పోల్చలేం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన న్యూరోకాగ్నిటివ్ టూల్ బాక్స్ (జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షల సెట్టు) తెలుగులోనూ ఉంది, దాన్ని వాడాలి. పరీక్ష పెట్టేవారు చికిత్స ఇచ్చేవారు కాకూడదు.

మంత్రి గారూ, అల్జీమర్స్‌కు ఆర్‌టీఎంఎస్ ఇచ్చే ప్రతి కేంద్రమూ థ్రెషోల్డ్, కాయిల్ స్థానం, స్పందనల సంఖ్య, ముందూ వెనుకా స్కోర్లు రాసి రోగి కుటుంబానికి ఇవ్వాలని ఆదేశించండి. ఇది ఇంకా ప్రయోగ దశలోనే ఉందన్న మాట తెలుగులో పెద్ద అక్షరాలతో అంగీకార పత్రంలో ఉండాలి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి ఆధ్వర్యంలో, దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ సీటీఆర్ఐలో ముందుగా నమోదు చేసి, ఉత్తుత్తి కాయిల్‌తో పోల్చే ట్రయల్‌కు నిధులివ్వండి. మెషీన్లన్నీ హైదరాబాద్‌లోనే పెట్టొద్దు. పైన చెప్పిన పద్ధతికి 32 సిట్టింగులు పడతాయి. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, తోడొచ్చే మనిషి కూలి పోగొట్టుకుని 32 సార్లు రాలేడు. రెండో నెలలోనే మానేస్తాడు, ట్రయల్ కూడా అక్కడే దెబ్బతింటుంది. వరంగల్ ఎంజీఎంలో ఒకటి, ఆదిలాబాద్ రిమ్స్‌లో ఒకటి పెట్టించి, టెక్నీషియన్లకు నిమ్స్‌లో శిక్షణ ఇప్పించండి. వారానికొక సిట్టింగు ఇంటికి దగ్గర్లో అందితేనే ఆరు నెలల కోర్సు పూర్తవుతుంది.

ఇట్లు,
మెదడు స్టిమ్యులేషన్ రంగంలో పనిచేస్తున్న కొందరు డాక్టర్లు, టెక్నీషియన్లు