స్టేడియం కట్టేముందు ఒప్పందం అచ్చు వేయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమరావతిలో లక్ష మందికి పైగా కూర్చునే క్రికెట్ స్టేడియం ప్రతిపాదన మీద మీ పత్రికలో వస్తున్న వార్తలనూ ఉత్తరాలనూ వరుసగా చదువుతున్నాను. గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ని, చిన్నప్పుడు రేడియో పక్కన కూర్చుని స్కోరు రాసుకున్నవాణ్ని. ఆ ఉత్సాహం నాకూ ఉంది. కానీ ఒక పాఠకుడు, పెద్ద స్టేడియాలు కట్టుకున్న ఊరని అమెరికాలోని ఆర్లింగ్టన్‌ను మనకు ఆదర్శంగా చూపించారు. ఆ ఊళ్లో ఇరవై ఆరేళ్లుగా ఉంటూ, ఆ స్టేడియాలకు పన్ను కడుతున్నవాడిగా ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

టెక్సస్‌లో డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ ఉంటుంది ఆర్లింగ్టన్. జనాభా దాదాపు నాలుగు లక్షలు. ఈ ఊరు ముప్పై ఏళ్లలోపే మూడు పెద్ద స్టేడియాలకు ప్రజాధనం ఇచ్చింది. 1991లో బేస్‌బాల్ జట్టు రేంజర్స్ కోసం, కొనే సరుకు మీద డాలరుకు అర సెంటు పన్నుకు ఓటర్లు ఒప్పుకున్నారు. 1994లో ఆట మొదలైంది. ఆ జట్టు యజమానుల్లో ఒకరు జార్జి డబ్ల్యూ. బుష్. ఆయన పెట్టుబడి సుమారు 6 లక్షల డాలర్లు. 1998లో జట్టును అమ్మినప్పుడు ఆయనకు వచ్చింది కోటిన్నర డాలర్లకు దగ్గరగా. కొత్త స్టేడియం లేకపోతే జట్టుకు ఆ ధర పలికేది కాదు. స్టేడియానికి పన్ను కట్టిన ఊరికి మాత్రం అమ్మకంలో వాటా లేదు.

2004లో అమెరికన్ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు) జట్టు కౌబాయ్స్ వంతు వచ్చింది. మళ్లీ అర సెంటు పన్ను, దానికి తోడు హోటల్ గదుల మీదా అద్దె కార్ల మీదా పన్ను. ఊరి వాటా 32 కోట్ల 50 లక్షల డాలర్లు. 2009లో తెరిచిన ఆ స్టేడియాన్ని చూస్తే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో తొమ్మిది మ్యాచులు దానికే కేటాయించారు. మీ పాఠకుడు మెచ్చుకున్నదీ దాన్నే. ఇప్పుడు ఒప్పందంలోకి తొంగి చూడండి. జట్టు ఊరికి కట్టే అద్దె ఏడాదికి 20 లక్షల డాలర్లు. స్టేడియానికి కంపెనీ పేరు పెట్టుకున్నందుకు వచ్చే డబ్బులో ఊరికి 5 శాతం, అదీ ఏటా 5 లక్షల డాలర్లు దాటకూడదు. మిగతాదంతా జట్టుదే. స్టేడియం ఊరి ఆస్తి కాబట్టి దానికి ఆస్తి పన్ను పడదు. టెక్సస్‌లో ఇంటి మీద ఆస్తి పన్ను ఎంత బరువో ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను అడగండి.

2016లో రేంజర్స్ మళ్లీ వచ్చారు. వాళ్ల స్టేడియానికి అప్పటికి ఇరవై రెండేళ్లు. మా కాలేజీ భవనం అరవై ఏళ్లు నిలబడింది. ఇక్కడ ఇరవై రెండేళ్లకే పాతబడిపోయిందన్నారు. ఎండకు పైకప్పు లేదు, ఏసీ లేదు, కొత్తది కావాలి, లేకపోతే జట్టు డాలస్‌కు వెళ్లిపోవచ్చు. ఆ ఏడు ఊరంతా ఇదే మాట. నగరపాలక సంస్థ 50 కోట్ల డాలర్ల వరకు ఇవ్వడానికి ప్రతిపాదన పెట్టింది, ఓటర్లలో దాదాపు 60 శాతం సరేనన్నారు.

ఆ 60 శాతంలో నేనూ ఉన్నాను. మా అబ్బాయి అప్పుడు హైస్కూల్లో బేస్‌బాల్ ఆడేవాడు. జట్టు వెళ్లిపోతుందంటే వాడి ముఖం చిన్నబోయింది. ఆ ముఖాన్ని తలుచుకుని ఓటు వేశాను, ఒప్పందం చదవలేదు. తర్వాత చదివాను. టికెట్ల మీద 10 శాతం దాకా, పార్కింగ్ మీద 3 డాలర్ల దాకా వేసే పన్నులు కూడా జట్టు నిర్మాణ ఖర్చులో తన వాటా కింద లెక్కవేసుకోవచ్చని అందులో ఉంది. పన్ను వేసే అధికారం ఊరిది, కట్టేది ప్రేక్షకుడు, ఖాతాలో పేరు యజమానిది. ఇది ముందే తెలిసి ఉంటే నా ఓటు వేరుగా ఉండేది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టేది. ఈ ఊరి విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లలు చాలామంది చదువుతున్నారు. వచ్చిన కొత్తలో వాళ్లకు కారు ఉండదు. ఒక ఆగస్టు మధ్యాహ్నం కూపర్ వీధిలో ఇద్దరు అబ్బాయిలు సంచులు మోసుకుంటూ నడిచి వస్తున్నారు. నలభై డిగ్రీల ఎండ, చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి, ఒకడి చేతిలో కొత్త ప్రెషర్ కుక్కర్ పెట్టె. కారు ఆపి ఎక్కించుకున్నాను. రసీదు చూపించమని అడిగాను. బియ్యం, పప్పుల మీద ఇక్కడ పన్ను లేదు. నలభై డాలర్ల కుక్కర్ మీద మాత్రం 3 డాలర్ల 30 సెంట్లు పడింది. అందులో ఇరవై సెంట్లు స్టేడియానివి. బస్సు ఎక్కడ ఆగుతుందండీ అని వాళ్లు అడిగారు. ఇంత పెద్ద ఊళ్లో వేళకు వచ్చి, గుర్తు పెట్టిన చోట ఆగే సిటీ బస్సులు లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

స్టేడియం పన్నుకూ బస్సు లేకపోవడానికీ సంబంధం ఉంది. టెక్సస్‌లో అమ్మకపు పన్ను రాష్ట్రానికి డాలరుకు ఆరుంబావు సెంట్లు, దాని మీద స్థానికంగా రెండు సెంట్లకు మించి వేయకూడదు. డాలస్ ఆ రెండింటిలో ఒకటి బస్సులకూ రైళ్లకూ ఇస్తుంది. మా ఊరు అర సెంటు స్టేడియాలకు కట్టేసింది. బస్సు పన్నును గతంలో మా ఓటర్లే ఒకటికి రెండుసార్లు తిరస్కరించారన్నదీ నిజమే, ఇప్పుడు ఫోన్లో పిలిస్తే వచ్చే వ్యాన్లు ఉన్నాయన్నదీ నిజమే. మొదటి స్టేడియం అప్పు గడువుకంటే ముందే తీరిందన్నది కూడా దాచను. 2023లో రేంజర్స్ ఛాంపియన్లయినప్పుడు వీధుల్లో పొంగిన జనంలో నేనూ ఉన్నాను. ఆనందం నిజమే. దానికి మేమిచ్చిన ధర ఎంతో ముందుగా మాకు తెలియకపోవడమే నా ఫిర్యాదు.

అమరావతి దగ్గరకు వస్తాను. అక్కడి నేల ఊరికే వచ్చింది కాదు. 2015లో రైతులు రాజధాని కోసం 33 వేలకు పైగా ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. అందులో స్టేడియానికి కేటాయించే ప్రతి ఎకరానికీ వాళ్లకు లెక్క చెప్పాలి. స్థలం ఎవరి పేరున ఉంటుంది? క్రికెట్ సంఘం అద్దె కడుతుందా, కడితే ఎంత? ఐపీఎల్ మ్యాచ్ రోజున వచ్చే ప్రకటనల డబ్బు, పార్కింగ్ డబ్బు ఎవరి ఖాతాలో పడతాయి? పోలీసు బందోబస్తు ఖర్చు ఎవరిది? కరెంటు బిల్లు ఎవరిది? ఈ చివరి ప్రశ్న చిన్నదనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి మ్యాచ్ ముందురోజు కరెంటు కోసేశారు, కోటిన్నరకు పైగా బకాయి ఉందని. ఏటా పట్టుమని పది పెద్ద మ్యాచులు జరగని చోట మిగతా మూడు వందల యాభై రోజుల నిర్వహణ ఎవరు మోస్తారో కాగితం మీద ఉండాలి.

కట్టొద్దని నేను అనడం లేదు. మా పక్క ఊరు గ్రాండ్ ప్రెయిరీలో పాత బేస్‌బాల్ మైదానం ఒకటి ఖాళీగా పడి ఉంటే దాన్నే క్రికెట్‌కు మార్చారు. 2024 జూన్ 6న అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే. చిన్న మైదానమే, ఆ రోజు మా గొంతులు పోయాయి. మంగళగిరి పక్కన నవులూరులో ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉన్న క్రికెట్ స్టేడియాన్ని ముందు పూర్తి చేస్తే ఎంతవుతుంది, కొత్తదానికి ఎంతవుతుంది అన్న పోలికైనా ప్రభుత్వం బయటపెట్టిందా?

మాకు ఇక్కడ ఓటు వేసే అవకాశమైనా ఉండింది. మన దగ్గర ఒక జీవోతో పని అయిపోతుంది. అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. క్రికెట్ సంఘంతోనో, జట్టు యజమానులతోనో ప్రభుత్వం చేసుకోబోయే ఒప్పందం ముసాయిదా సంతకాలకు ముందే సంపాదించండి. సమాచార హక్కు కింద అడగాల్సి వస్తే అడగండి. అద్దె, గడువు, మరమ్మతుల షరతులు ఒక్కటీ వదలకుండా మొత్తం తెలుగులో అచ్చు వేయండి, రెండు పేజీలు పట్టినా సరే.

ఇట్లు,
మీ పాఠకుడు
ఆర్లింగ్టన్, టెక్సస్