జీపీఎస్ యాడ బిగించాలంటే

ఒరేయ్ మామా,

ఎట్టుండావురా? చేతిలో పట్టుకునే జీపీఎస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, సెస్నా 172 చిన్న విమానంలో యాడ పెట్టుకోవాలి అని అడిగినావు కదా, ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదని కూర్చోని రాస్తా ఉండా. నిన్న మా బావ కారులో కొండకి పోతా ఉంటే ఘాట్ రోడ్డు మలుపులో అద్దానికి అతికించిన ఫోన్ హోల్డర్ ఊడొచ్చి నేరుగా బ్రేక్ పెడల్ కాడ పడింది, వెనక సీట్లో మా అక్క గోవిందా గోవిందా అని ఒకటే అరుపు. బావ మెల్లగా పక్కకి తీసి ఆపినాడు. నాకు మాత్రం గుండె దడ తగ్గలేదురా, అమెరికాలో ట్రైనింగప్పుడు నాకు అచ్చం ఇట్నే అయింది, నీకు చెప్పలేదు.

మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టిన విమానం, అద్దం కాలిపోతా ఉంది, దానికి సక్షన్ కప్పు అతికించినా. టేకాఫ్ అయి ఇంకా పైకి ఎక్కతా ఉన్నాం, గాలి రెండు కుదుపులు కుదిపిందో లేదో కప్పు ఊడి జీపీఎస్ పోయి కాళ్ళతో తొక్కే రడ్డర్ పెడల్స్ మధ్యలో పడింది. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే కంట్రోల్స్ తీసుకున్నాడు కాబట్టి వైరు పట్టుకోని లాగినా. ఒక్కడినే ఉండుంటే? అది తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతాది.

కాబట్టి నా మాట విని యోక్‌కి, అదే విమానం స్టీరింగ్‌కి, బిగించే క్లాంపు కొనుక్కో, బంతి కీలు ఉండే రామ్ మౌంట్ లాంటిది. అదీ ఊరికే బిగిస్తే చాలదు. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే సీటు నువ్వు నడిపే చోటుకి జరుపుకోని, తొడ మీద రాసుకునే అట్ట, అదే నీబోర్డ్, కూడా కట్టుకోని, యోక్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పు, కడుపు దాకా లాగు, ప్యానెల్ దాకా నెట్టు. మోకాలికి కొంచెం తగిలినా మళ్ళీ విప్పి బిగించు. వైరు వదులుగా వేలాడకూడదు, యోక్ తిరిగేంత ఉంచి మిగతాది వెల్‌క్రోతో కట్టెయ్. కరెంటు మాస్టర్ స్విచ్, తాళం చెవి ఎడమ పక్క కిందనే ఉంటాయి కదా, అవి జీపీఎస్ వెనక దాక్కోకుండా చూసుకో.

అద్దం కింద డాష్ మీద మాత్రం పెట్టొద్దురా. బయట కనపడదు, పైగా కంపాస్ పక్కనే. ముఖ్యంగా అయస్కాంతం హోల్డర్లు విమానంలోకే తేవద్దు, కంపాస్ తప్పు చూపిస్తాది. యోక్ మీద పెడితే రెక్క అడ్డమొచ్చి సిగ్నల్ తగ్గితే, బయట యాంటెన్నా పెట్టే కనెక్టర్ నీ దాంట్లో ఉందేమో చూడు, దాన్ని అద్దం కాడ పెట్టుకోవచ్చు, ఎత్తుతో సహా లెక్క కట్టాలంటే జీపీఎస్‌కి కనీసం 4 శాటిలైట్లు కనపడాల.

ఇంకోటి, కారు ఛార్జర్ అట్నే గుచ్చొద్దు. పాత 172ల్లో 14 వోల్టులు, తర్వాత వాటిల్లో 28, ఛార్జర్ మీద ఏం రాసుందో చూసి పెట్టు. అద్దం ప్లాస్టిక్‌ది, ఇంట్లో గాజు తుడిచే అమోనియా ద్రావణం కొడితే పాడైపోతాది, మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. ప్యానెల్‌కి స్క్రూ కొట్టే ఆలోచన ఉంటే మెకానిక్‌ని అడగకుండా చెయ్యి పెట్టొద్దు.

బిగించినాక యోక్ పూర్తిగా ఎడమకి తిప్పి ఒకటి, కడుపు దాకా లాగి ఒకటి ఫోటో తీసి పంపు. అవి చూసేదాకా నాకు నిద్ర పట్టదు.

నీ మామ
తిరుపతి నుంచి